ఊరి చేతిలో వన్యప్రాణి: ఆర్మూరు ప్రాంతం నుంచి ఆఫ్రికా దాకా

వన్యప్రాణుల పక్కన బతికే ఊళ్లే వాటి రక్షణకు కట్టుబాట్లు పెట్టుకోవడం, కాపలా కాయడం, వచ్చిన ఆదాయాన్ని పంచుకోవడం, కట్టుబాటు తప్పినవాణ్ణి నిలదీయడం: ఈ నాలుగూ కలిసిన పద్ధతిని స్థానిక సారథ్యంలోని సంరక్షణ అంటారు. దీనికి ఎదురుగా ఉన్న పాత పద్ధతిలో ప్రభుత్వం పటం మీద గీత గీస్తుంది, లోపలి ఊళ్లను ఖాళీ చేయిస్తుంది, అంచున మిగిలినవాళ్లకు జరిమానా భయం చూపిస్తుంది. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ పార్కుతో పేరుపొందిన ఈ నమూనా వలస పాలకుల వెంట ఆఫ్రికాకు వెళ్లింది, మనకూ వచ్చింది. దాన్ని కాదని నిలిచిన పెద్ద ప్రయోగాలు గత నలభై ఏళ్లలో ఎక్కువగా ఆఫ్రికాలోనే జరిగాయి. వీటి మీద మన దగ్గర వినిపించే మాటలు రెండే. ఆదివాసీలూ రైతులూ ప్రకృతి బిడ్డలు కాబట్టి అడవిని వాళ్లకు వదిలేస్తే చాలనేది ఒకటి. జనాన్ని నమ్మితే జింక తోక కూడా మిగలదనేది మరొకటి. రెండు మాటలూ ఊరి స్వభావం చుట్టూనే తిరుగుతాయి, ఊరి అధికారం జోలికి పోవు. ఊరికి చట్టం ఒప్పుకున్న హక్కు, ఆ హక్కు మీద కొంత ఆదాయం, ఆ ఆదాయానికి నలుగురి ముందు లెక్క ఉన్నచోట సంరక్షణ నిలబడిందనీ, మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా కుంటిందనీ ఆధారాలు చెబుతున్నాయి. బయటివాళ్ల సాయం ఈ మూడింటిని బలపరిస్తేనే అక్కరకొస్తుంది. వాటి జాగాలో తానే కూర్చుంటే చెరుపు చేస్తుంది. ఈ సంగతిని నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతం నుంచి చూడటానికి కారణం ఉంది. ఊరి అధికారం ఎంత చేయగలదో, ఎక్కడ దారి తప్పుతుందో రెండూ ఇక్కడివాళ్లు కళ్లారా చూసినవే.

హైదరాబాద్–నాగపూర్ రహదారిని నిజామాబాద్–జగిత్యాల దారి అడ్డంగా దాటేచోట ఆర్మూరు ఉంది. పసుపు, ఎర్రజొన్న, మక్కజొన్న ఇక్కడి పేరున్న పంటలు. పట్టణాన్ని ఆనుకుని నవనాథ సిద్ధులగుట్ట రాళ్లు. ఉత్తరాన గోదావరి మీద శ్రీరాంసాగర్ జలాశయం. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇదే. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయినకొద్దీ నందిపేట వైపు శిఖం భూములు బయటపడతాయి, పచ్చిక మొలుస్తుంది, కృష్ణజింకల గుంపులు మేతకు దిగుతాయి. తూర్పుకూ దక్షిణానికీ వెళితే భీంగల్, సిరికొండ, ఇందల్వాయి అడవులు, వాటిలో చిరుతలు, ఎలుగుబంట్లు, లెక్కలేనన్ని అడవిపందులు. ఈ నేల ఏ అభయారణ్యంలోనూ లేదు. దగ్గర్లోని రక్షిత ప్రాంతాలు రెండు. 1952లో అభయారణ్యమైన పోచారం మెదక్, కామారెడ్డి జిల్లాల్లో ఉంది. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించిన కవ్వాల్ గోదావరి అవతల ఉంది. అంటే ఆర్మూరు చుట్టుపక్కల వన్యప్రాణి బతికేది రైతు చేనులో, చెరువు శిఖంలో, ఊరి గుట్ట మీద. ఇక్కడ కంచె వేసి కాపాడటానికి వేరే అడవి లేదు. కాపాడేదీ కాపాడనిదీ ఊళ్లే.

ఆ ఊళ్లకు వన్యప్రాణి వల్ల ఒరిగేది ఏమిటని అడిగితే జవాబు నష్టమనే వస్తుంది. నిజామాబాద్ రైతు పసుపులో మక్క అంతర పంటగా వేస్తాడు. మక్క పాలుపోసుకునే వేళకు పందులు దిగితే ఒక్క రాత్రిలో మడి మడే పోతుంది. కోతుల సంగతి చెప్పనక్కర లేదు. వాటి బెడదతో కూరగాయలూ పల్లీలూ వేయడమే మానేసిన రైతులు తెలంగాణలో ఎందరో ఉన్నారు. పట్టిన కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి వదిలేందుకు పొరుగునున్న నిర్మల్ జిల్లాలో 2020లో ప్రత్యేక కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగకు చిరుతలు చచ్చాయి, పశువులు చచ్చాయి, చేలకు నీళ్లు పెట్టబోయిన మనుషులూ చచ్చారు. పంట నష్టపరిహారం చట్టంలో ఉన్నా, దరఖాస్తు, పంచనామా, సంతకాలు దాటి డబ్బు చేతికందేసరికి మరో పంట కాలం వస్తుంది. ఈ లెక్కలో వన్యప్రాణిని భరించేది రైతు, దాని అందాన్ని అనుభవించేది పట్నం, దాని మీద హక్కు ఉన్నది ప్రభుత్వానికి. అడవిపందులు అదుపు తప్పాక వాటిని కాల్పించేందుకు అనుమతిచ్చే అధికారం కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. తెలంగాణలోనూ సర్పంచులను ఆ పనిలోకి తెచ్చారు. రైతు బాధ తీర్చే ఉద్దేశంతో ఇచ్చిన ఉత్తర్వులే అవి, తప్పుపట్టలేం. కాని వాటిలో ఒక విడ్డూరం ఉంది. జంతువును చంపించే నిర్ణయంలో ఊరికి పాలు దక్కింది, జంతువును నిలుపుకుని దాని మీద నాలుగు రూపాయలు సంపాదించే నిర్ణయంలో మాత్రం దక్కలేదు.

ఊళ్లకు నిర్ణయం తీసుకునే సత్తా లేదని అనేవాళ్లు ఆర్మూరు ప్రాంతపు గ్రామాభివృద్ధి కమిటీలను చూడాలి. అందరి నోటా వీడీసీ అని పలికే ఈ కమిటీలు ఏ చట్టం కిందా పుట్టలేదు. కులానికి ఒకరిద్దరు చొప్పున కూర్చుంటారు. ఆర్మూరు పట్టణంలో ఇలాంటి దాన్నే సర్వసమాజ్ అంటారు. చెరువులో చేపలు, కల్లు, బెల్టుషాపు, మాంసం దుకాణం, వాగులో ఇసుక ఇలా ఊళ్లో వేలం వేయగలిగినదల్లా వేసి డబ్బు కూడబెడతారు. ఆ డబ్బుతో గుళ్లు కట్టారు, బడులకు గదులు కట్టారు, రోడ్లు పోశారు, మంచినీటి ప్లాంట్లు పెట్టారు. విత్తన వ్యాపారంతో రాష్ట్రమంతా పేరున్న అంకాపూర్ లాంటి ఊళ్లలో పంచాయతీ కన్నా కమిటీ మాటకే బరువెక్కువ. ఊరికి ఏదైనా చెప్పాలంటే డప్పు చాటింపు చాలు, మర్నాటికల్లా అది అమలవుతుంది. పార్టీలకు అతీతంగా కలిసి కదలడం కూడా ఇక్కడి రైతులకు కొత్త కాదు. పసుపు బోర్డు కోసం, ఎర్రజొన్నకు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులతో దేశమంతా ఇటు చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఆలస్యమైనా, ఆ బోర్డు ఎంతవరకు పనికొస్తుందన్న చర్చ ఇంకా నడుస్తున్నా, ఊళ్లు ఒక హక్కును గుర్తుపట్టి, దానికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టగలవన్నది మాత్రం తేలిన విషయం.

ఇదే వీడీసీకి రెండో ముఖం ఉంది, అది దాచాల్సినది కాదు. కమిటీ మాట వినని కుటుంబాన్నీ, కొన్నిసార్లు ఒక కులం మొత్తాన్నీ వెలివేసిన ఘటనలు నిజామాబాద్ జిల్లాలో పదేపదే బయటికొచ్చాయి. కిరాణం ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడితే జరిమానా అంటూ తీర్మానాలు చేశారు. పోలీసు కేసులూ నమోదయ్యాయి. చాలాచోట్ల కమిటీలో ఆడవాళ్లకు చోటు లేదు. వేలం డబ్బుకు రసీదు ఉండొచ్చు గాని, ఆ లెక్క అడిగే హక్కు ఎవరికుందో ఎక్కడా రాసి లేదు. చెరువునో గుట్టనో జింకల శిఖాన్నో ఇలాంటి కమిటీకి అప్పగిస్తే ముందుగా మేత కోల్పోయేది గొర్లకాపరి, చేపల వాటా కోల్పోయేది పేద బెస్త కుటుంబం. దీన్ని చూపించి ఊరికి అధికారం ఇవ్వొద్దని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనకు ఒక పక్క బలం ఉన్నా ఆ ముగింపు మాత్రం అందులోంచి రాదు. వీడీసీకి అధికారం ఎవరూ ఇవ్వలేదు, అది తానే తీసుకుంది. చట్టానికి బయట ఉంది కాబట్టే దాన్ని ఆడిట్ చేసేవాడూ, అడిగేవాడూ లేడు. చట్టం ఊరికి నిజమైన హక్కు ఇచ్చి, దానితోపాటు మహిళలకూ దళితులకూ కుర్చీ, గ్రామసభలో లెక్క చదివి వినిపించే విధి, అప్పీలు చేసుకునే చోటు రాసి ఉంటే ఊరి అధికారం ఇలా చీకట్లో పెరిగేది కాదు.

పై నుంచి చేసే సంరక్షణ ఎలా బెడిసికొడుతుందో గోదావరి అవతల చూడొచ్చు. కవ్వాల్ అడవికి పులులు మహారాష్ట్రలోని తడోబా నుంచి నడిచి వస్తాయి. వచ్చే దారి కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లా చేలలోంచి, ఊళ్ల పక్కనుంచి. ఆ దారిని కాపాడేందుకు 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు జీవోతో దాదాపు లక్షన్నర హెక్టార్ల అడవిని కుమ్రంభీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. శాస్త్రం దృష్టిలో దారి ఎంపిక సరైనదే. కాని గ్రామసభలను అడగలేదంటూ ఆదివాసీ సంఘాలు లేచాయి, బంద్‌లు జరిగాయి, రెండు నెలలు తిరక్కముందే జూలైలో ప్రభుత్వం జీవోను పక్కన పెట్టింది. జల్, జంగిల్, జమీన్ అంటూ నిజాం సర్కారును ఎదిరించి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి పేరు రిజర్వుకు పెట్టి, ఆయన వారసుల సమ్మతి తీసుకోవడం మరచిన ప్రభుత్వానికి వేరే శత్రువులు అక్కర లేదు. ఇలాంటి రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి చట్టంలోని 36ఎ సెక్షనే చెబుతోంది. ఊరి సమ్మతి లేని కాపలాకు ఇంకా చేదైన ఉదాహరణ అదే జిల్లాలో 2024 జనవరిలో కనిపించింది. కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లడం వల్లే ఇది జరిగిందని దర్యాప్తు తేల్చింది. పశువు పోయిన మనిషికి ఆ పులి మీద కోపం తప్ప మరో సంబంధం మిగలకుండా చేసిన ఏర్పాటులో వందమంది బీట్ అధికారులున్నా ఇదే జరుగుతుంది.

ఆఫ్రికాలో ఈ సంబంధాన్ని తిరగరాసిన దేశాల్లో నమీబియాది మొదటి పేరు. దక్షిణాఫ్రికా పాలన కింద ఉన్న రోజుల్లో అక్కడ తెల్ల భూస్వాములకు తమ పొలాల్లోని జంతువుల మీద హక్కుండేది. వాళ్లు వేట, పర్యాటకం, మాంసం ద్వారా సంపాదించేవారు, అందుకే జంతువుల్ని పెంచేవారు. నల్లజాతి ఉమ్మడి భూముల్లో అవే జంతువులు ప్రభుత్వానివి. అందువల్ల అక్కడ అవి పంటకు శత్రువులు, దొంగవేటకు సరుకు. 1980ల తొలినాళ్లలో వాయవ్య ప్రాంతంలో కరవు, దొంగవేట కలిసి ఏనుగుల్నీ ఖడ్గమృగాల్నీ ఊడ్చేస్తున్నప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్ అనే సంరక్షకుడు అక్కడి పెద్దల దగ్గరికి వెళ్లి, కాపలాదారుల్ని మీరే ఎంచండి అన్నాడు. పెద్దలు ఎంచినవాళ్లు పెద్దలకే జవాబుదారీగా ఉన్నారు. వాళ్లు మొదట అందుకున్నది జీతం కన్నా సరుకులే ఎక్కువ. దొంగవేట తగ్గింది. 1990లో స్వాతంత్ర్యం వచ్చాక 1996లో చట్టం సవరించి తెల్ల భూస్వాములకున్న హక్కును ఉమ్మడి భూముల సమాజాలకూ ఇచ్చారు. హద్దులు, సభ్యుల జాబితా, రాజ్యాంగం, ఆదాయం పంచే పద్ధతి రాసుకున్న సమాజాలు కన్జర్వెన్సీలుగా నమోదయ్యాయి. 1998లో నాలుగుతో మొదలై ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ భూభాగంలో ఐదో వంతు వాటి కింద ఉంది. 1990ల మధ్యలో ఏడున్నర వేల దాకా ఉన్న ఏనుగులు 2022 సర్వేలో 21 వేలకు చేరాయి. ఇందులో కొన్ని బోట్స్వానా నుంచి దాటి వచ్చినవే, మొత్తం ఘనత కన్జర్వెన్సీలదేనంటే అతిశయోక్తి. అయినా తరిమేసే అవకాశమున్న ఊళ్లు వాటిని ఉండనిచ్చాయన్నది చిన్న సంగతి కాదు.

జింబాబ్వే అనుభవం ఇంకో పాఠం. 1975 చట్టం భూస్వాములకిచ్చిన హక్కును 1982లో గ్రామీణ జిల్లా మండళ్లకు విస్తరించారు. ఆ దశాబ్దం చివర్లో క్యాంప్‌ఫైర్ అనే కార్యక్రమం మొదలైంది. వేటకు, పర్యాటకానికి అనుమతులమ్మి ఆదాయాన్ని ఏనుగు తొక్కిన పొలమున్న ఊళ్లకు చేర్చాలన్నది ఉద్దేశం. డబ్బు నేరుగా ఊరి చేతికందినచోట జనం ఏనుగును భరించారు. కాని హక్కు మండలికి ఇచ్చారు, ఊరికి ఇవ్వలేదు. చాలాచోట్ల మండళ్లు జీతాలకూ కార్యాలయాలకూ సగానికి పైగా మింగేశాయి, ఊరికి దిగింది తక్కువ. మన దగ్గర ఇసుక సీనరేజి, మైనింగ్ నిధి లాంటివి జిల్లాలో ఆగిపోయే తీరు తెలిసినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర లేదు. కెన్యాలో కథ మరో మలుపు తిరిగింది. ఉత్తర కెన్యాలో 2004లో ఏర్పడ్డ నార్తర్న్ రేంజ్‌ల్యాండ్స్ ట్రస్టు పాశ్చాత్య దాతల నిధులతో డజన్ల కొద్దీ కన్జర్వెన్సీలను నిలబెట్టింది. పశుకాపరుల మధ్య కొట్లాటలు తగ్గించామని, దొంగవేటను ఆపామని చెప్పుకుంది. కాని కాపరులను సరిగా అడగకుండానే కన్జర్వెన్సీలు పెట్టారన్న వ్యాజ్యంలో 2025 జనవరిలో ఇసియోలో కోర్టు బిలికో–బులెస, చెరబ్ కన్జర్వెన్సీలు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. పేరులో సమాజం ఉన్నంత మాత్రాన సారథ్యం సమాజానిది కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పే పత్రం దొరకదు. నమీబియాలో హక్కు ఊరిదాకా దిగింది, జింబాబ్వేలో జిల్లా దగ్గర ఆగింది, ఉత్తర కెన్యాలో దాత ఆఫీసు చుట్టూ తిరిగింది. మూడు దేశాల్లోనూ ఏనుగు ఒకటే, ఫలితాలు మాత్రం మూడు రకాలు.

హక్కు, ఆదాయం అంటూ ఇంత లెక్క ఎందుకు, మన ఊళ్లు భక్తితోనే పక్షుల్ని కాపాడటం లేదా అని అడగొచ్చు. కాపాడుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ తరతరాలుగా గూళ్లు పెడుతున్నాయి. అవి రావడం పంటకు శుభమని ఊరి నమ్మకం, వాటిని కొట్టినవాణ్ణి ఊరు ఊరుకోదు. గుంటూరు పక్క ఉప్పలపాడులో పక్షులు గూళ్లు కట్టుకున్న చెరువును ఊరు వాటికే వదిలేసింది. తర్వాత అటవీ శాఖ అక్కడ గూళ్ల కోసం కృత్రిమ ఆధారాలు కూడా నిలబెట్టింది. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ఏటా రాస్తుంటాయి. నిజానికి గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దక్షిణాసియాలోనే తిరిగే మన పక్షులు. అంత దూరం నుంచి వచ్చే అతిథులన్న ఊహ ఊళ్ల ఆదరాన్ని పెంచిందేమో గాని, ఇంటివాళ్లుగా గుర్తించడమే న్యాయం. భక్తి బలమైనదే, అయితే దాని హద్దు తెలుసుకోవాలి. ఈ పక్షులు తినేది పొలం కాలువల్లో, చిత్తడి నేలల్లో, తీరపు మడుగుల్లో. ఆ నేలల మీద ఈ ఊళ్లకు హక్కు లేదు. చెట్టును కాపాడగలరు, చిత్తడిని కాపాడలేరు. పైగా నమ్మకం మంచి చేసే జంతువుకే దక్కుతుంది. కొంగకు దొరికిన ఆదరం పందికీ కోతికీ చిరుతకూ దొరకదు. హనుమంతుడి పేరున కోతికి దండం పెట్టిన ఊళ్లే ఇప్పుడు దాన్ని పట్టించి లారీ ఎక్కిస్తున్నాయంటే, నష్టం ఒక గీత దాటాక నమ్మకం తట్టుకోలేదని అర్థం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం కొల్లేరు నుంచి వస్తుంది. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటిలో స్థానిక మత్స్యకార సంఘాలకు చేపల చెరువులు తవ్వి ఇచ్చింది. కాగితం మీద అది స్థానిక సారథ్యమే. కొన్నేళ్లకే ఆ చెరువులు లీజుల మీద పెద్ద పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. సరస్సు చెరువుల కింద ముక్కలైంది. 1999లో అభయారణ్యం ప్రకటించాల్సి వచ్చింది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో కోర్టు ఆదేశాల వెనుక ప్రభుత్వం గట్లు పేల్చేసింది. ఆ పేలుడులో పెట్టుబడిదారుడు లాభం తీసుకుని వెళ్లిపోయాడు, కొల్లేటి లంకల పేదవాడికి చెరువూ పోయింది, చేపల వేటా పోయింది. ఊరికి వదిలేస్తే ఊరి పెద్దకు వదిలేసినట్లేనని చెప్పేవాళ్లకు ఇదే ఆయుధం. ఈ కథను జాగ్రత్తగా చదివితే కొల్లేటిలో సంఘాలకు హక్కు ఇచ్చారు గాని ఆ హక్కును లీజుకిచ్చి అమ్ముకోకుండా ఆపే నియమమూ, లెక్క అడిగే వేదికా లేవని కనిపిస్తుంది. మూడింటిలో ఒకటి లోపించిన ఉదాహరణే ఇది కూడా. ఇక్కడ ప్రభుత్వానికి చాలా పని ఉంది: హద్దు గీయడం, హక్కును అమ్ముడుపోనివ్వకపోవడం, బలహీనుడి ఫిర్యాదు వినడం. స్థానిక సారథ్యమంటే ప్రభుత్వం ఇంటికెళ్లిపోవడమని దానికి అనుకూలంగా మాట్లాడేవాళ్లే కొందరు అనుకుంటారు, అది పొరపాటు. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద చేసిన పనికి 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినర్ ఆస్ట్రమ్ చూపించినవి కూడా స్పష్టమైన హద్దులు, స్థానికులే రాసుకున్న నియమాలు, క్రమంగా పెరిగే శిక్షలు, తగవు తీర్చే చోటు, వీటన్నిటికీ పై ప్రభుత్వపు గుర్తింపు ఉన్న ఏర్పాట్లే.

పులి ఒక ఊరిది కాదు, వందల కిలోమీటర్లు తిరుగుతుంది, ఏ పంచాయతీ దాన్ని కాయగలదన్నది మరో ప్రశ్న. కవ్వాల్ లోపలి రాంపూర్, మైసంపేట కుటుంబాలను 2024లో కడెం మండలంలోని కొత్త ఇళ్లకు తరలించారు. స్వచ్ఛందంగా, సరైన భూమితో జరిగిన తరలింపు కొన్నిసార్లు ఊరికీ అడవికీ రెండిటికీ మేలు చేస్తుందని ఒప్పుకోవాలి. అయితే అలా ఖాళీ చేయించగలిగేది అడవి నడిమధ్యను మాత్రమే. పులి నడిచే దారిలోని ఊళ్లన్నిటినీ ఎవరూ ఖాళీ చేయించలేరు. దారి అంటేనే ఊళ్ల మధ్య జాగా. దూరం తిరిగే జంతువుకు ఎక్కువ ఊళ్ల సమ్మతి కావాలి, అంటే పులి విషయంలో స్థానిక సారథ్యం అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు. నల్లమలలో అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో పులుల అడుగుజాడలు చదివేది చెంచులే. వాళ్లు లేకుండా అక్కడ పులుల లెక్క తేలదు. అదే నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు ముందుగా అడ్డం నిలిచింది కూడా చెంచులూ చుట్టుపక్కల ఊళ్లే. ఆ ఆందోళన పట్నాలకు పాకాక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గనుల ముందు అటవీ శాఖ ఒక ఫైలు మాత్రమే. ఊరు ఓటు కూడా.

చట్టాల్లో దారి లేదా అంటే, ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన సామూహిక అడవిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. తెలంగాణ సరిహద్దు అవతల గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా 2009లో ఆ హక్కు పట్టా అందుకుని, 2011 నుంచి సొంతంగా వెదురు అమ్ముకుని అడవిని నడుపుతోంది. తెలంగాణలో పోడు పట్టాల చుట్టూ జరిగినంత రాజకీయం సామూహిక హక్కు చుట్టూ జరగలేదు. వ్యక్తికి పట్టా ఇస్తే ఓటు కనిపిస్తుంది, గ్రామసభకు ఇస్తే అటవీ శాఖ చేతిలోంచి అధికారం జారిపోతుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలంది, తన పరిధిలోని వనరుల్ని వ్యాపారానికి సేకరించేవాళ్ల నుంచి రుసుము వసూలు చేసే వీలునూ ఇచ్చింది. ఆ చట్టం వెనుక ఉన్న మేల్కొలుపులో పసుపుకూ వాటా ఉంది. గాయాలు మాన్పే గుణానికి 1995లో అమెరికాలో తీసుకున్న పేటెంటును మన శాస్త్ర పరిశోధనా మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. కాని చాలా ఊళ్లలో ఈ కమిటీ ఉందన్న సంగతి సభ్యులకే తెలియదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు మీదకొచ్చాక రిజిస్టర్లు హడావుడిగా నిండాయి. వీడీసీకి డబ్బుంది, చట్టం లేదు. జీవవైవిధ్య కమిటీకి చట్టముంది, డబ్బూ పలుకుబడీ లేవు. ఒకే ఊళ్లో ఈ రెండూ ఒకదాన్నొకటి ఎరగకుండా బతుకుతున్నాయి.

బయటి సాయం ఎలా ఉండాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆఫ్రికాలో సంరక్షణ నిధుల్లో పెద్ద వాటా అంతర్జాతీయ సంస్థల ఖాతాల్లోంచి, వాళ్ల జీతాల్లోంచి వడకట్టి ఊరికి చేరుతుందన్న విమర్శ పాతదే. అందుకే ఇటీవల కొన్ని సంస్థలు ఏడాది ప్రాజెక్టులు కాకుండా స్థానిక సంఘాలకే ఏళ్ల తరబడి, జీతాలకూ లెక్కలకూ కూడా పనికొచ్చే నిధులివ్వడం మొదలుపెట్టాయి. ఆదాయం ఒకే కాలువలోంచి వస్తే ఏమవుతుందో 2020 కోవిడ్ చూపించింది. విమానాలు ఆగగానే కన్జర్వెన్సీల పర్యాటకం పడిపోయింది, కాపలాదారుల జీతాలు ఆగాయి. 2025లో అమెరికా ప్రభుత్వం యూఎస్ఎయిడ్‌ను మూసేసినప్పుడు దాని మీద ఆధారపడ్డ కార్యక్రమాలు మరోసారి కుదేలయ్యాయి. దాత చేయాల్సిన పని కాపలాదారుకు బూట్లు కొనివ్వడం కాదని కాదు, బూట్లూ కావాలి. కాని అంతకన్నా అరుదుగా దొరికేది హక్కు పత్రం రాయించే వకీలు, లెక్కలు రాసే గుమస్తా, గ్రామసభలో పేదవాడి పక్షాన మాట్లాడే మనిషి. వీటికి ఫోటోలు రావు, కాబట్టి డబ్బూ రాదు. ఆర్మూరు పసుపు డబ్బుతో, గల్ఫ్ సంపాదనతో నడిచే ప్రాంతం. గుళ్లకూ బడులకూ విరాళాలకు ఇక్కడ కొదవ లేదు. వన్యప్రాణి కోసం ఊళ్లు డబ్బు తీయవని అనడం తొందరపాటు, ఆ డబ్బు పెట్టడానికి ఊరి పేరున హక్కున్న వన్యప్రాణి ఇంతవరకు ఏదీ లేదు.

నందిపేట వైపు కృష్ణజింకల శిఖాన్ని ఉదాహరణగా తీసుకుంటే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ భూమి ప్రాజెక్టు కోసం సేకరించింది, ప్రభుత్వానిది. నీళ్లు తగ్గినప్పుడు దున్నుకునేది ముంపులో పొలం పోయిన కుటుంబాలు, మేపుకునేది గొర్లకాపరులు, వలేసేది బెస్తలు, జింకలు తిరిగేదీ అక్కడే. అభయారణ్యం చేస్తే ఈ ముగ్గురికీ దారి మూసుకుపోతుంది. ఏమీ చేయకపోతే మట్టి తవ్వకాలూ కుక్కలూ దొంగవేటా జింకల్ని తగ్గిస్తాయి. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ మధ్యేమార్గంగా రెండు పద్ధతులు పెట్టింది. సమాజపు భూమిలోనో ప్రైవేటు భూమిలోనో ప్రకటించే కమ్యూనిటీ రిజర్వును నడిపే కమిటీలో ఊరి ప్రతినిధులదే పైచేయి, అటవీ శాఖ నుంచి ఒక్కరుంటారు. ప్రభుత్వ భూమిలో ప్రకటించే కన్జర్వేషన్ రిజర్వు కమిటీలో పంచాయతీకి ఒకరుంటారు గాని, ఆ కమిటీ పని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు సలహా చెప్పడం వరకే. శ్రీరాంసాగర్ శిఖం ప్రభుత్వ భూమి కాబట్టి ఊళ్లు అడిగినా వాళ్లకు దక్కేది రెండోదే. ముంపు ఊళ్లకు ఆ శిఖం మీద వాడుక హక్కు ముందు రాసిచ్చి, వేసవి సాగు, మేత, చేపలు, జింకల్ని చూడటానికి వచ్చేవాళ్ల రుసుము ఎలా పంచుకోవాలో గ్రామసభలే తేల్చుకునేలా చట్టాన్ని సవరించడానికి 1996 నాటి నమీబియా సవరణ ఒక నమూనా. అది కూడా ఒక్క మాటతోనే మొదలైంది: అప్పటిదాకా భూస్వామికున్నది ఊరికీ ఉంటుందని.